ముందు చెప్పాల్సింది ఎవరికి

"అర్థమైందా?" అని అడిగితే ఇంగ్లండులోని గని ఊరు క్రాస్‌లాలో ఎవరైనా "అయింది" అనే అంటారు. డాక్టరు అడిగినా అంతే, పెన్షన్ ఆఫీసులో అడిగినా అంతే. అర్థం కాలేదని ఒప్పుకుని ఎదుటివాడి ముందు చిన్నబోవడం ఎవరికిష్టం? అందుకే ఆ శుక్రవారం పొద్దున సార్జెంట్ మెట్‌కాఫ్ టేపు రికార్డరు మీట నొక్కి, పోలీసు హెచ్చరికను గడగడా అప్పజెప్పి, "అర్థమైందా, మిసెస్ హెస్లప్?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా చేతిలో కాగితం తిప్పేశాడు.

"కాలేదు," అంది బెరిల్.

మెట్‌కాఫ్ తలెత్తాడు. బల్లకు అవతల చేతులు కట్టుకుని కూర్చుంది బెరిల్ హెస్లప్. అరవైకి దగ్గర పడిన మనిషి, గని కార్మికుడి భార్య, భర్త పోయి రెండేళ్ళు. ఒంటి మీద ఆదివారం చర్చికి వేసుకునే కోటు. పోలీసులు ఇంటికొచ్చినప్పుడు వాళ్ళను గుమ్మంలోనే నిలబెట్టి, లోపలికెళ్ళి అది తొడుక్కుని మరీ వచ్చింది. పక్కన కూర్చున్న లాయరు మిస్ ఆర్క్‌రైట్‌ను ప్రభుత్వమే ఇచ్చింది, పాపం పొద్దుటి నుంచి కాఫీ కూడా తాగలేదు.

మెట్‌కాఫ్ ఈసారి నెమ్మదిగా చదివాడు. "మీరు ఏమీ చెప్పనక్కర్లేదు. కానీ తర్వాత కోర్టులో మీ తరఫున చెప్పుకోబోయే విషయాన్ని ఇప్పుడు మేము అడిగినప్పుడు చెప్పకపోతే, అది మీ వాదనకు నష్టం చేయొచ్చు. మీరు ఏం చెప్పినా సాక్ష్యంగా వాడొచ్చు."

"మా జాక్‌ను పట్టుకెళ్ళినప్పుడు మధ్యలో ముక్క లేదే!"

"ఎప్పుడండీ?"

"ఎనభై నాలుగులో, గని సమ్మెలో. నువ్వప్పుడు నిక్కర్లేసుకుని తిరుగుతుంటావులే. ఏమీ చెప్పనక్కర్లేదు, చెప్తే రాసుకుంటాం అన్నారు, అంతే. మా ఆయన చెప్పలేదు, వాళ్ళు రాసుకోలేదు. గోడకేసి చూస్తూ కూర్చుని, వదిలేశాక ఇంటికొచ్చి బంగాళాదుంపలు తిన్నాడు."

"పోయినేడు చట్టం మారిందండీ."

"ఎవర్నడిగి మార్చారు?"

మెట్‌కాఫ్ మంచివాడే. పట్నం నుంచి కొత్తగా వచ్చాడు గానీ ఓపికున్నవాడు. అర్థం కాలేదన్నవాళ్ళకు తన మాటల్లో విడమరచి చెప్పాలన్నది పోలీసుల పద్ధతి. కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు. "చూడండి. నోరు మెదపకుండా కూర్చోవచ్చు, అది మీ హక్కు. కానీ రేపు కోర్టులో నిలబడి, 'ఆ టైముకి నేను ఫలానా చోట ఉన్నాను' అన్నారనుకోండి. అప్పుడు వాళ్ళకేమనిపిస్తుంది? నిజమే అయితే ఆ రోజే చెప్పేదిగా, ఈలోపు కథ అల్లుకుని వచ్చింది అనుకోవచ్చు. అంతేనండీ. ఇప్పుడు మీకేం అర్థమైందో మీ మాటల్లో నాకు చెప్పండి."

"నా మాటల్లోనా? చెప్తా విను. తలుపు తీసే ఉంది, వెళ్ళాలంటే వెళ్ళొచ్చు, కాకపోతే గుమ్మంలో కరిచే కుక్కను కట్టేశాం అంటున్నావు. హక్కంటే ఇదేనా నాయనా?"

మిస్ ఆర్క్‌రైట్‌కు సమయానికి దగ్గొచ్చింది. మెట్‌కాఫ్ టేపు వైపు చూసి, "అర్థమైనట్టే," అన్నాడు.

ఇంతకీ ఆమె మీద నేరమేంటంటే, కాడలు నరకడం. నవ్వకండి. ఉల్లికాడకు పెద్దన్న లాంటిది లీక్ కాడ. దాన్ని మోచేతి లావున పెంచి, సెప్టెంబరులో కార్మికుల క్లబ్బులో పోటీకి పెట్టడం క్రాస్‌లా మగవాళ్ళకు ప్రాణం. గని మూసేశాక ఆ ఊళ్ళో తల ఎత్తుకోవడానికి మిగిలింది అదొక్కటే. ఊరి వెనక మడుల్లో ఎవరి మడి వాళ్ళదే. ఎవరి విత్తనం వాళ్ళ తాతలదే. మూడు కాడలు, అచ్చుగుద్దినట్టు ఒక్కలా ఉండాలి, పీకి పెట్టాలి. పోటీ ముందు వారం మగవాళ్ళు పెళ్ళాల పక్కన కాక మడి పక్కన పాకలో పడుకుంటారు. అలాంటి ఊళ్ళో గురువారం సాయంత్రం క్లబ్బు కమిటీ మీటింగు జరుగుతుండగా, కమిటీ పెద్ద వాల్టర్ ప్రౌడ్‌లాక్ మూడు కాడలనూ ఎవరో అడ్డంగా నరికిపోయారు. వాల్టర్ సమ్మెలో, గని గేటు దగ్గర పనిలోకి పోయేవాళ్ళను అడ్డుకునే పికెట్ల నాయకుడు. లాఠీ దెబ్బకు పగిలిన తలకు కుట్లు పడ్డ మచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది. అలాంటివాడు ఆ మడి గట్టు మీద కూర్చుని ఏడ్చాడు.

బెరిల్ మీదకే ఎందుకొచ్చిందంటే, కారణాలున్నాయి. నిరుడే క్లబ్బు పోటీలోకి ఆడవాళ్ళను రానిచ్చారు. వాళ్ళ నాన్న విత్తనంతో బెరిల్ పెంచిన కాడలు చూసి హాలంతా నోరెళ్ళబెట్టింది. వాల్టర్ టార్చిలైటు పెట్టి వెతికి వెతికి ఒకదానికి వెంట్రుకవాసి పగులుందని పట్టుకుని పోటీలోంచి తీసేశాడు. "వచ్చే ఏడాది నీ కాడలు తరిగి సూపు కాచుకుంటాను వాల్టర్!" అని అందరి ముందూ అరిచింది. ఇప్పుడు గురువారం సాయంత్రం కత్తీ సంచీ పట్టుకుని మడుల దారిలో వెళ్తూ కనిపించింది. పైగా ఆమె మడిలో మూడింట్లో ఒకటి మాయమైంది, అంటే ఆమె సెట్టు చెడిపోయింది. తనకు లేనిది వాల్టర్‌కూ ఉండకూడదని కోసేసిందని ఊరు తేల్చేసింది.

"సంచిలో ఏముందండీ?" అడిగాడు మెట్‌కాఫ్.

"నేను చెప్పేదేం లేదు."

"కత్తెందుకు?"

"నేను చెప్పేదేం లేదు."

"పోటీ ఎల్లుండనగా మీ సొంత కాడ ఎవరైనా పీక్కుంటారా? ఇక్కడివాళ్ళు చెప్తుంటే విన్నాను, అది బిడ్డను అమ్ముకున్నట్టట."

బెరిల్ చూపు బల్ల మీదికి దించుకుంది. మళ్ళీ అదే మాట అంది.

బ్రేక్ ఇచ్చినప్పుడు చిన్న గదిలో లాయరు తలుపేసింది. "మిసెస్ హెస్లప్, మీరు ఎక్కడికో వెళ్ళారు. నాకది తెలుస్తూనే ఉంది. ఎక్కడికో చెప్తే సాయంత్రానికి ఇంట్లో ఉంటారు."

"చెప్తే అది ఎవరెవరికి తెలుస్తుంది?"

"ముందు పోలీసులకు. కేసు నడిస్తే కోర్టులో అందరికీ."

"వాల్టర్‌కీ?"

"ఆయన ఎదురుగానే చదువుతారు."

బెరిల్ కిటికీ వైపు చూసింది. కిటికీ లేదు, గోడే ఉంది. అయినా అటే చూస్తూ చెప్పింది. లాయరుకు చెప్పింది బయటికి పోదని రూఢి చేసుకున్నాకే చెప్పింది.

ఆమెకు ఒక తమ్ముడున్నాడు, నార్మన్. సమ్మె ఇంకో మూడు వారాల్లో ముగుస్తుందనగా పనిలోకి వెళ్ళిపోయాడు. ఎందుకు వెళ్ళాడన్నదానికి ఊళ్ళో ఇంటికో కథ. పెళ్ళాం పోరు పెట్టిందని ఒకరు, డబ్బు తీసుకున్నాడని ఒకరు. బెరిల్‌కు అసలు సంగతి తెలుసు. ఏడాదిపాటు ఆకలికీ చలికీ ఓర్చి ఓర్చి ఒకరోజు అలసిపోయాడు, అంతే. కిటికీలకు ఇనప వల కట్టిన బస్సులో పోలీసుల మధ్య అతన్ని గేటులోంచి తీసుకెళ్తుంటే ఊరంతా కేకలేసింది. ఆ రోజు నుంచి క్రాస్‌లా అతనితో మాట్లాడ్డం మానేసింది. కొట్టలేదు, తరమలేదు. మాట్లాడలేదంతే. కొట్టువాడు అతనికి చిల్లర చేతికివ్వడు, బల్ల మీద పెడతాడు. క్లబ్బులోకి వస్తే పక్కన కుర్చీలు ఖాళీ అవుతాయి. పెళ్ళాం తట్టుకోలేక పుట్టింటికి పోయింది. మాట్లాడినవాళ్ళకూ అదే శిక్షని రాసిపెట్టని చట్టం. ఆ చట్టాన్ని బెరిల్ కూడా పాటించింది. సొంత తమ్ముడు వీధిలో ఎదురైతే దీపస్తంభాన్ని చూసినట్టు చూసి పోయింది, ఏళ్ళతరబడి.

ఈ వసంతంలో నార్మన్‌కు ఊపిరితిత్తులు చెడ్డాయని, మెట్లు దిగలేకపోతున్నాడని తెలిసింది. కోపం ఎప్పుడో చచ్చిపోయింది, అలవాటు మిగిలింది. మడుల వెనక సందులోంచి వెళ్తే అతని పెరటి తలుపు వస్తుంది. ఆ దారిన ఎవరూ రారు. రోజూ సాయంత్రం గిన్నెతో వెళ్ళేది. గురువారం నాడు నార్మన్, "నాన్న కాడ రుచి మర్చిపోయాను బెరిల్," అన్నాడు. ఆమె లేచి వెళ్ళి, ఏడాదంతా పసిపిల్లలా సాకిన మూడింట్లోంచి ఒకటి పీకి, అక్కడే వేళ్ళు కోసేసి, తెచ్చి కాచి పోసింది. వాడు తింటుంటే అటు తిరిగి గిన్నెలు కడిగింది.

లాయరు పెన్ను కింద పెట్టింది. "అంటే మీ తమ్ముడు ఒక్క మాట చెప్తే కేసు పోతుంది."

"వాడు చెప్తే నేనూ పోతాను."

"కాడలు నరికిందన్న పేరు నయమా మరి?"

"నరికినదానితో మాట్లాడతారు, తిట్టడానికైనా. ద్రోహి గడప తొక్కినదానితో అదీ ఉండదు." తర్వాత గొంతు పెంచింది. "పైగా ఈ కుర్రాడు బెదిరించాడని నేను చెప్పాలా? ఇప్పుడే చెప్పు, లేకపోతే నీ మాట నమ్మం అంటే హడలిపోయి కక్కాలా? ఇది నా ఊరి సంగతి. పోలీసుల నోటి వెంట మా వాళ్ళు వినాల్సింది కాదు."

"చెప్పకపోతే నష్టం మీకే. నేను హెచ్చరించాలి కాబట్టి హెచ్చరిస్తున్నాను."

"ఈ రోజు అందరూ హెచ్చరించేవాళ్ళే!"

మధ్యాహ్నం కౌంటరు దగ్గర నిలబెట్టి కేసు పెట్టారు. అభియోగం చదివాక మళ్ళీ అదే హెచ్చరిక. ఈసారి అందులో "ఇప్పుడు" అన్న మాటను గట్టిగా నొక్కాడు కౌంటరు వెనకున్న పెద్ద సార్జెంటు. ఇప్పుడు చెప్పకపోతే నష్టం. మెట్‌కాఫ్ పక్కకొచ్చి గొంతు తగ్గించి, "ఇదే ఆఖరి అవకాశమండీ. మీరు చేయలేదని నాకే అనిపిస్తోంది. ఒక్క మాట చెప్పండి," అన్నాడు. మనసులోంచే అన్నాడు. అందుకే బెరిల్‌కు ఇంకా కష్టమైంది.

"నువ్వు మంచివాడివి నాయనా. కానీ ముందు చెప్పాల్సింది నీకు కాదు."

"ఏమీ చెప్పలేదు" అని రాసుకున్నాడు సార్జెంటు. తర్వాత బెయిలు షరతు చదివాడు: కేసు తేలేదాకా ఆమె మడుల్లోకి గానీ, మడుల వెనక సందులోకి గానీ అడుగు పెట్టకూడదు. ప్రౌడ్‌లాక్ గారు కోరారు.

బెరిల్ అప్పటిదాకా దేనికీ జంకలేదు. ఈ మాటకు కౌంటరు అంచు పట్టుకుంది. ఆ సందు తప్ప నార్మన్ ఇంటికి దొంగదారి లేదు. ఉన్నది ఒక్కటే, నడివీధి. అటూ ఇటూ ఇళ్ళు, ప్రతి కిటికీకీ కళ్ళు.

బస్సులో ఇంటికొచ్చేదాకా ఆమె బుర్రలో ఒక్కటే తిరిగింది. వాడు పొద్దుటి నుంచి ఏం తిన్నాడు? పెరటి తలుపు వైపు ఎన్నిసార్లు చూసుంటాడు? తను మానేసిందనుకుంటాడు. అందరిలాగే మానేసిందనుకుని, అడగడు కూడా. అడిగే అలవాటు పోయింది వాడికి. అది తల్చుకుంటే ఆమెకు మంటెత్తింది. ఎవరి మీదో తెలియని మంట కాదు, సరిగ్గా తన మీదే, తన ఊరి మీదే.

నిన్న నార్మన్ తినగా మిగిలితే ఇంటికి తెచ్చుకున్న సూపు వేడి చేసి, గిన్నె మీద పళ్ళెం మూసి, గుడ్డ చుట్టి, నేరుగా క్లబ్బుకు వెళ్ళింది.

మర్నాటి పోటీకి ఆ సాయంత్రమే కాడలు బల్లల మీద పేరుస్తారు. హాలంతా మట్టి వాసన, బీరు వాసన. మగవాళ్ళు పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు తడిగుడ్డలతో కాడలు తుడుస్తున్నారు. ఒక బల్ల మధ్యలో ఖాళీ, అది వాల్టర్ చోటు. బెరిల్ లోపలికి రాగానే సందడి తగ్గింది. టీ కప్పులు సర్దుతున్న థెల్మా చేతిలోది పక్కన పెట్టింది. సమ్మె ఏడాదంతా ఊరికి అన్నం వండింది థెల్మా, బెరిల్ ఇద్దరే, ఒకే పొయ్యి దగ్గర.

"సిగ్గు లేకుండా వచ్చావే!" అన్నాడు వాల్టర్.

"వచ్చాను. నీ కాడలు నేను కోయలేదు. నిన్న సాయంత్రం నేను మా నార్మన్ దగ్గరున్నాను."

మా నార్మన్. ఆ హాల్లో ఆ పేరు పలికి పదకొండేళ్ళు దాటింది. మా అని కలిపి పలకడం అసలే లేదు. ఎవరో గ్లాసు దించిన చప్పుడు వినిపించింది.

"నాన్న కాడ కావాలన్నాడు. నా మడిలోది పీకి వండిపెట్టాను. మార్చి నుంచి వెళ్తున్నా, రోజూ. వెనక సందులోంచి, దొంగలా."

వాల్టర్ ముఖంలో కోపం ఎటు పోవాలో తెలియక నిలిచిపోయింది. "పోలీసులకు చెప్పావా ఇది?"

"లేదు."

"చెప్తే వదిలేసేవాళ్ళుగా?"

"వదిలేసేవాళ్ళు. వాళ్ళ కాగితంలో మీరు చదువుకునేవాళ్ళు. మీ వెనక ఇన్నాళ్ళూ చేశాను, మీ ముఖాన చెప్పాలి. అందుకే వచ్చా."

"మనం రక్తం కార్చాం బెరిల్." వాల్టర్ చేయి తనకు తెలియకుండానే తల మీది మచ్చ దగ్గరికి పోయింది. "నీ జాక్‌ను ఈడ్చుకుపోయారు. వాడు ఆ బస్సెక్కాడు."

"ఎక్కాడు. తప్పు చేశాడు. నేను మర్చిపోలేదు, వాణ్ణి మంచివాడని అనమనడం లేదు. చచ్చిపోతున్నాడు వాల్టర్. చచ్చిపోయేవాడితో మాట్లాడకుండా ఉంటే గని తెరుస్తారా? వెనక సందు మూయించావుగా, ఇక నడివీధినే వెళ్తా. కావాలంటే నాతోనూ మానేయండి. అదెలా చేయాలో మీకు నేనే నేర్పగలను."

 ఆమెకు కావాల్సినవాళ్ళంతా అక్కడే ఉన్నారు. థెల్మా కళ్ళలోకి చూసింది. థెల్మా ఒక్క క్షణం చూపు నిలిపి, మెల్లగా వెనక్కి తిరిగి మళ్ళీ కప్పులు సర్దడం మొదలుపెట్టింది. ఆ వీపు బెరిల్‌ను పోలీసులందరి కంటే ఎక్కువ దెబ్బ కొట్టింది. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు, గిన్నె ఉంది. అలాగే బయటికి నడిచింది.

కేసు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. నవంబరులో కొట్టేశారు. పోలీసులకు ఆ రోజే ఎందుకు చెప్పలేదని కోర్టులో నిలదీశారు, ఆ హెచ్చరిక ఊరికే పోలేదు. ముందు చెప్పాల్సినవాళ్ళు వేరే ఉన్నారని చెప్పింది. నమ్మారో, విసిగిపోయారో తెలీదు. కాడలు ఎవరు కోశారన్నది మాత్రం ఈ రోజుకీ తేలలేదు. క్రాస్‌లాలో దాని మీద అయిదారు సిద్ధాంతాలున్నాయి, ఏదీ నాకు నచ్చదు.

నార్మన్ ఇల్లు నడివీధి చివర్లో. వీధి తలుపుకు గోధుమరంగు రెండు పూతలు వేసినా వాటి కింద ఎవరో 'ద్రోహి' అని రాసిన పెద్ద తెల్లక్షరాలు ఇంకా తెలుస్తూనే ఉన్నాయి. బెరిల్ నడుస్తుంటే కిటికీ తెరలు ఒక్కొక్కటిగా కదిలాయి. క్లబ్బులోంచి కొందరు బయటికొచ్చి నిలబడ్డారు. ఆమె కాలితో తలుపు తన్నింది, చేతులు ఖాళీ లేవుగా.

లోపల దగ్గు. చాలాసేపటికి, "ఎవరూ?"

"నేనే. తలుపు తియ్యి."

"అయ్యో, అటు నుంచేంటి? వెనక్కి రా. చూస్తారు."

"చూడనీ. తియ్యి నార్మన్!"

తియ్యడానికి అది తెరుచుకుంటేగా. వాడక ఉబ్బి బిగుసుకుపోయింది. అతను లోపల్నుంచి లాగాడు, ఆమె బయట నుంచి భుజంతో తోసింది. రెండో తోపుకు సగం సూపు ఆదివారం కోటు మీద ఒలికింది. మూడో తోపుకు తలుపు కీచుమంటూ వచ్చేసింది. ఎదురుగా నార్మన్, బనియనూ చెప్పులూ వేసుకుని, రొప్పుతూ, సాయంత్రపు వెలుతురుకు కళ్ళు చిట్లించుకుని.

"లోపలికి రా త్వరగా," అన్నాడు.

"కుర్చీ ఎక్కడ?"

"కుర్చీ ఎందుకు?"

ఆమె లోపలి నుంచి కుర్చీ ఈడ్చుకొచ్చి గుమ్మం బయట, సరిగ్గా వీధి మీదే వేసింది. అతన్ని భుజం పట్టి కూర్చోబెట్టింది. ఒళ్ళో గిన్నె పెట్టి చెంచా చేతికిచ్చింది.

"బెరిల్, వాళ్ళు చూస్తున్నారు," నార్మన్ లేవబోయాడు. "నీతోనూ మానేస్తారే."

"మానేశారు అప్పుడే. తిను, చల్లారిపోతుంది."

అతను తలొంచుకుని ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. మరొకటి పెట్టుకున్నాడు. బెరిల్ చేతులు కట్టుకుని పక్కనే నిలబడి వీధిని ఇల్లిల్లుగా చూసుకుంటూ వచ్చింది. కదిలిన ప్రతి తెర వైపూ తల తిప్పింది. కప్పుల సంచీతో ఇంటికి పోతూ థెల్మా అటుగా వచ్చింది, వేరే దారి లేదు ఆమెకు. నార్మన్ చెంచా గిన్నెలో పెట్టేసి, ఊళ్ళోవాళ్ళతో మాట్లాడి ఎన్నాళ్ళైందో ఏమో, గొంతు సవరించుకున్నాడు.

"గుడ్ ఈవెనింగ్, థెల్మా."

థెల్మా నడక తడబడింది. నోరు తెరిచి మూసుకుంది. తల దించుకుని గబగబా దాటిపోయింది.

"రేపు కూడా ఇదే టైముకి, థెల్మా!" అని వీధి దద్దరిల్లేలా అరిచింది బెరిల్. "ఇక్కడే ఉంటాం! ఎల్లుండి కూడా!"